తోలు కుట్టే మిషన్ మీద కూర్చునే ముందు జాగ్రత్తలు

విశాఖలో పాత మిషన్ కొంటుంటే మిషన్ తల వెనక్కి వాల్చి కింద హుక్ (పైదారాన్ని పట్టి కుట్టు వేసే భాగం) చూడండి. సముద్రపు గాలికి పైన పెయింట్ మెరుస్తున్నా లోపల తుప్పు పట్టి ఉండొచ్చు. కుట్టబోయే తోలు ముక్కలు, దారం మీరే పట్టుకెళ్లండి; పల్చటి గుడ్డ మీద ఏ మిషనైనా బాగానే కుడుతుంది. బ్యాగులకి వాకింగ్ ఫుట్ (తోలును పైనుంచి నొక్కి, దాంతో పాటే ముందుకి నడిచే పాదం) ఉన్నదే తీసుకోండి, లేకపోతే పై పొర జరిగిపోతుంది.

సూది మార్చే ముందు స్విచ్ ఆపాలి. క్లచ్ మోటారైతే (స్విచ్ వేస్తే ఎప్పుడూ తిరుగుతూ, పెడల్ తొక్కితేనే మిషన్‌ని నడిపేది) అది చాలదు! స్విచ్ ఆపినా మోటారు కాసేపు తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు పెడల్ మీద కాలు పడితే సూది వేలిలో దిగుతుంది. చప్పుడు పూర్తిగా ఆగాక పెడల్ ఒకసారి తొక్కి, సూది కదలట్లేదని చూశాకే చెయ్యి పెట్టండి. కొత్తగా చేరిన కుర్రాళ్లకి మొదటి రోజే చెప్పాల్సిన మాట ఇది.

138 నంబరు నైలాన్ దారానికి 23 నంబరు సూది, తోలు మొన ఉన్నది. మొదటి కుట్లకి రెండు దారాల కొసలూ వెనక్కి పట్టుకుని చక్రం చేత్తో తిప్పండి.

అడుగున దారం గూడు కట్టిందా? బాబిన్ (అడుగు దారం చుట్టే కండె) టెన్షన్, అంటే బిగువు, జోలికి వెళ్లకండి. చాలాసార్లు పైదారం, దాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లల మధ్య సరిగా కూర్చోదు, అంతే. ఫుట్ ఎత్తి దారం మళ్లీ ఎక్కించండి.

హుక్‌లో నూనె చుక్క మరవొద్దు.