ఆన్‌లైన్ పోటీలో దొంగ ఓట్లు: ఎక్కడ చూడాలి, ఏం చేయాలి

సంక్రాంతి ముగ్గుల పోటీ కానీ, బతుకమ్మ ఫొటోల పోటీ కానీ, గ్రూపులో ఓటింగ్ పెట్టారంటే నాకు వచ్చే ఫోన్ ఒకటే. "అన్నా, ఎక్కడో ఉన్న ముగ్గు రాత్రికి రాత్రే ఫస్ట్‌కొచ్చేసింది, ఐపీలు బ్లాక్ చేసేయనా?" ఆగండి, ఐపీలనే ఆ నెట్ కనెక్షన్ నంబర్ల జోలికి వెళ్లకుండా ముందు ఓట్ల జాబితా తెరవండి. ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు, ఏ ఎంట్రీకి వేశారు, ఆ ఖాతా ఎప్పుడు తెరిచారు అన్న నాలుగు కాలమ్‌లు పక్కపక్కన పెట్టి, టైం ప్రకారం సార్ట్ చేయండి. పది నిమిషాల పని. దీన్ని వదిలేసి అందరూ క్యాప్చాల (మనిషా, మెషీనా అని తేల్చే చిన్న పరీక్షల) వెంట పరుగెడతారు.

ఓట్లు గుంపుగా పడ్డాయి, ఖాతాలన్నీ కొత్తవే

ఒకే మనిషి చాలా మెయిల్ ఐడీలతో వేస్తున్నాడు. జీమెయిల్ చుక్కల్ని పట్టించుకోదు, ప్లస్ గుర్తు తర్వాత ఏం రాసినా మెయిల్ అదే ఇన్‌బాక్స్‌కి వస్తుంది. అంటే "రవికుమార్", "రవి.కుమార్", "రవికుమార్+2" మూడూ ఒకరివే. జీమెయిల్ అడ్రస్‌లలో చుక్కలూ, ప్లస్ తర్వాతి భాగమూ తీసేసి పోల్చండి. పోటీ ప్రకటించిన రోజుకు ముందే ఉన్న ఖాతాలకే ఓటు ఇవ్వండి. సగం గొడవ ఇక్కడే తీరుతుంది.

ఒకే ఐపీ నుంచి డజన్ల ఓట్లు

ఇది చాలాసార్లు దొంగతనమే కాదు. మొబైల్ నెట్‌వర్క్‌లు ఒకే ఐపీవీ4 (పాత రకం ఐపీ) అడ్రస్‌ను ఎంతోమందికి పంచుతాయి. హాస్టల్ వైఫై సంగతీ అంతే. బ్లాక్ చేస్తే నిజమైన ఓటర్లు పోతారు. దొంగేమో ఫ్లైట్ మోడ్ వేసి తీసి కొత్త ఐపీతో మళ్లీ వస్తాడు.

ఖాతాలన్నీ బాగానే ఉన్నాయి, ఫలితమే తేడాగా ఉంది

అసలు ఇబ్బంది పెట్టేది ఇదే. ఓటీపీ పాసైంది, ప్రొఫైల్ ఫొటో ఉంది, పాత పోస్టులున్నాయి, బోలెడంత మంది ఫ్రెండ్స్ ఉన్నారు. ఒక్కో ఖాతానే తెరిచి చూస్తే వంక పెట్టడానికి ఏమీ దొరకదు. ఓటీపీ ఉందిగా అన్న ధీమాయే కొంప ముంచుతుంది. ఆ నంబరుకు మెసేజ్ అందిందని తప్ప ఓటీపీ ఇంకేమీ చెప్పదు. ఓటీపీల కోసమే నంబర్లు అద్దెకిచ్చేవాళ్లున్నారు, పాత ఖాతాలు గంపగుత్తగా అమ్మేవాళ్లున్నారు.

ఇలా ఒక్కడే బోలెడు ఖాతాలతో చాలామందిలా నటించడాన్ని సిబిల్ దాడి అంటారు. నమ్మదగ్గ సంస్థ ఒకటి మధ్యలో ఉండి ఎవరు ఎవరో ధ్రువీకరించకపోతే, ఒక్కడే పదిమందిగా రావడాన్ని ఆచరణలో ఆపలేమని 2002లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లోని జాన్ డౌసర్ చూపించారు. అలాగని ముగ్గుల పోటీకి ఆధార్ కాపీలు అడగకండి. వాటిని భద్రంగా దాచే బాధ్యత ఏ కాలనీ కమిటీ కూడా మోయలేదు.

అనుమానం ఉన్న ఆ ఖాతాల ఫ్రెండ్స్ లిస్టు తెరిచి పేర్లు చదవండి. ఎటు తిప్పినా ఆ గుంపులోవాళ్లే ఉంటారు. మిగతా సభ్యులతో వాళ్లను కలిపే ఖాతాలు ఒకటో రెండో ఉంటాయి. ఖాతాలు ఎన్నయినా పుట్టించవచ్చు, వాటి మధ్య స్నేహాలూ కల్పించవచ్చు. నిజమైన మనిషి స్నేహం మాత్రం ఆ మనిషి ఒప్పుకుంటేనే దొరుకుతుంది. 2009లో న్యూయార్క్ యూనివర్సిటీ పరిశోధకులు చేసిన 'సమ్అప్' పద్ధతి నిలబడేది దీనిమీదే. చెరువులో ఎన్ని నీళ్లున్నా తూములోంచి పారేది తూము సైజును బట్టే కదా, అలా దొంగ గుంపుకు బయటివాళ్లతో ఎన్ని లింకులుంటే ఇంచుమించు అన్ని ఓట్లే లెక్కలోకి వస్తాయి. పాఠకులు ఓట్లతో వార్తలను పైకి తెచ్చే డిగ్ సైట్ ఓట్లను దీంతో పరిశీలిస్తే, పాపులర్ అయిన చాలా వ్యాసాల వెనక దాడి జరిగిందనడానికి గట్టి ఆధారాలు దొరికాయి.

మీ పోటీకి అంత లెక్క అక్కర్లేదు. ఆహ్వానం మీదే సభ్యత్వం ఇవ్వండి, ఎవరు ఎవర్ని తెచ్చారో రాసిపెట్టండి. కమిటీకి స్వయంగా తెలిసిన సభ్యుడు తెచ్చినవాళ్లు, వాళ్లు తెచ్చినవాళ్లు, ఆ కొమ్మ మొత్తం నుంచి ఒక ఎంట్రీకి ఐదు ఓట్లే లెక్కిస్తామని పెట్టండి. చాలామంది పిలిచిన మనిషికి మాత్రమే పరిమితి పెట్టి వదిలేస్తారు. అప్పుడు దొంగ ఒక ఖాతాతో ఇంకోదాన్ని, దాంతో మరోదాన్ని పిలిపించుకుంటూ పోతాడు. ఈ రూల్ పోటీ మొదలవకముందే చెప్పాలి. మధ్యలో పెడితే గెలుస్తున్నవాళ్లు గొడవకొస్తారు, వాళ్లది న్యాయమే.

ఇంకో జాగ్రత్త. ఒకే హాస్టల్ నుంచి కలిసి చేరిన పిల్లలు కూడా ఈ లెక్కలో అచ్చం దొంగ గుంపులాగే కనిపిస్తారు. అందుకే ఓట్లు తీసేయకుండా పెండింగ్‌లో పెట్టండి. పోటీకి ముందు వాళ్లు బయటి సభ్యులతో మాట్లాడారా, వేరే ఎంట్రీలకు ఎప్పుడైనా ఓటేశారా చూడండి. అయినా తేలకపోతే నలుగురికి ఫోన్ చేయండి. ఫోన్లో రెండు నిమిషాలు మాట్లాడితే ఎవరు ఏమిటో తెలిసిపోతుంది.

మిగతావి

డేటాబేస్ హ్యాకైందనీ, కౌంటర్‌లో బగ్ ఉందనీ వచ్చే అనుమానాలు నిజమవడం చాలా అరుదు. జాబితాలో వరసలు లెక్కపెట్టండి, స్క్రీన్ మీది సంఖ్యతో సరిపోతే వదిలేయండి. డబ్బులిచ్చి నిజమైన మనుషులతోనే ఓట్లు వేయిస్తే మాత్రం పైవేవీ పనిచేయవు. జడ్జీల మార్కులు కలిపి ఓటింగ్ వాటా తగ్గించుకోవడమే దారి.