ఇటలీ కులీన స్త్రీ బిరుదులను విడదీసి చదవడం ఎలా?

ఇటలీ రాజవంశాల స్త్రీల చరిత్ర చదవబోయేవారికి మొదట అడ్డుపడేది వారి పేరు చుట్టూ అల్లుకున్న బిరుదుల వరుసే. ఉత్తర ఇటలీలోని మోడెనాలో 1750లో పుట్టి వియన్నాలో 1829లో కన్నుమూసిన మరియా బియాట్రీచె దెస్తె సంగతే చూడండి: మస్సా డచెస్ (డచీ అనే సంస్థానానికి అధిపతి), కరారా ప్రిన్సెస్, ఆస్ట్రియా ఆర్చ్‌డచెస్ (ఆస్ట్రియా రాజకుటుంబ స్త్రీల బిరుదు), మోడెనా వంశపు ఏకైక వారసురాలు అని ఆమె పేరు పక్కన వరసగా కనిపిస్తాయి. అన్నిటినీ ఒకే గాటన కట్టి చదివితే ఆమె జీవితం అర్థం కాదు. వాటిలో కొన్ని తల్లి నుంచి వచ్చాయి, ఒకటి భర్త నుంచి వచ్చింది, మోడెనా మాత్రం తండ్రిదే అయినా ఆమె చేతికి ఎన్నడూ రాలేదు.

కాబట్టి మొదట పుట్టింటి బిరుదులను, మెట్టినింటి బిరుదులను వేరుచేయండి. బియాట్రీచె 1771లో మిలాన్‌లో ఆస్ట్రియాను ఏలిన సామ్రాజ్ఞి మరియా థెరీసా కుమారుడైన ఫెర్డినాండ్‌ను పెళ్లాడింది. ఆర్చ్‌డచెస్ అన్నది ఆ పెళ్లితో వచ్చిన గౌరవం.

పుట్టింటి వాటిలో మళ్లీ తల్లివైపు, తండ్రివైపు అని విడదీయాలి. ఇక్కడే అసలు పని ఉంది. ప్రతి బిరుదునూ ఒక జాగీరుగా భావించి, దానిని ఎవరు ఇచ్చారు, ఏ షరతుపై ఇచ్చారు అని అడగండి. తల్లివైపు నుంచి వచ్చిన మస్సానే చూడండి: మగపిల్లలు లేకుండా తండ్రి మరణించడంతో రిచార్దా మలస్పీనా అనే స్త్రీ మస్సా మార్క్వెస్ (డ్యూక్ కన్నా ఒక మెట్టు కింద) హోదాను తన పేరిట నిలుపుకొంది. 1529లో పవిత్ర రోమన్ సామ్రాజ్య చక్రవర్తి ఐదవ చార్లెస్ ఆమె హక్కును గుర్తించాడు. ఆమె కుమారుడు ఆల్బెరీకో కాలంలో, 1568లో, మస్సా ప్రిన్సిపాలిటీ (ప్రిన్స్ ఏలే సంస్థానం) అయింది. 1664లో డచీ అయింది. 1731లో డ్యూక్ ఆల్దెరానో కుమార్తెలను మాత్రమే మిగిల్చి చనిపోయినప్పుడు, ఆరేళ్లయినా నిండీ నిండని పెద్ద కుమార్తె మరియా తెరేసా చీబో మలస్పీనా డచెస్ కాగా, ఆమె తల్లి సంరక్షకురాలిగా పాలన నడిపింది. పాలరాతికి పేరుపడ్డ కరారాలో 1769లో లలితకళల అకాడమీని స్థాపించినది ఈ మరియా తెరేసాయే. ఆమె కుమార్తే మన బియాట్రీచె. 1790లో తల్లి మరణంతో మస్సా, కరారా ఆమెకు సంక్రమించాయి. వీటికి భర్త ప్రమేయం ఏమీ లేదు.

తండ్రివైపు కథ దీనికి పూర్తిగా భిన్నం. ఆమె తండ్రిదైన ఎస్తె వంశం ఫెర్రారా నగరాన్ని పోప్ కింద, మోడెనాను చక్రవర్తి కింద అనుభవించేది. 1597లో రెండవ ఆల్ఫోన్సో సంతానం లేకుండా మరణించినప్పుడు, వారసుడైన చేజరెను పోప్ అంగీకరించక మరుసటి ఏడాది ఫెర్రారాను తీసుకున్నాడు; చక్రవర్తి మాత్రం మోడెనాను చేజరెకే ఉంచాడు. ఇచ్చినవారెవరో తెలుసుకోమన్నది ఇందుకే. ఆ మోడెనా మగవారికే చెందే జాగీరు కనుక, తమ్ముడు పసితనంలోనే పోయిన తరువాత కూడా బియాట్రీచె దానికి నేరుగా డచెస్ కాలేకపోయింది; ఆమెను పెళ్లాడిన ఫెర్డినాండ్‌కు ఆ హక్కు దక్కేలా ముందే ఒప్పందాలు జరిగాయి. చివరకు ఆ సింహాసనంపై 1814లో కూర్చున్నది ఆమె కుమారుడు నాలుగవ ఫ్రాంచెస్కో.

తరువాత ప్రతి బిరుదుకూ రెండు రకాల తేదీలు రాసుకోండి: హక్కు ఉన్న కాలం, పాలన నిజంగా చేతిలో ఉన్న కాలం. బియాట్రీచె మస్సా డచెస్‌గా 1790 నుంచి 1829 వరకు 39 ఏళ్లు ఉంది. అయితే 1796లో ఫ్రెంచి సైన్యాలు ఆ ప్రాంతాన్ని ఆక్రమించాయి, 1806లో నెపోలియన్ దానిని తన చెల్లెలు ఎలీజాకు కట్టబెట్టాడు, 1815లో వియన్నా సమావేశం తిరిగి బియాట్రీచెకు ఇచ్చింది. కనుక ఆమె పాలన నిజంగా సాగినది సుమారు ఇరవై ఏళ్లే. ఆమె మరణంతో ఆ డచీ కుమారుడికి చేరి మోడెనాలో కలిసిపోయింది.

పేర్ల విషయంలో మాత్రం తొందరపడకండి. బియాట్రీచె తల్లి, అత్తగారు ఇద్దరూ మరియా తెరేసాలే. అమ్మమ్మ రిచార్దా గొన్జాగా, పదహారవ శతాబ్దపు రిచార్దా మలస్పీనా వేర్వేరు వ్యక్తులు. పేరుతో పాటు వంశనామం, మరణించిన సంవత్సరం కలిపి రాసుకుంటే ఈ గందరగోళం చాలావరకు తొలగుతుంది.

ఇరవయ్యవ శతాబ్దపు స్త్రీని గురించి చదివేటప్పుడు ఈ కొలమానాలు మారతాయి. 1948 నుంచి అమలులో ఉన్న ఇటలీ రాజ్యాంగం కులీన బిరుదులను గుర్తించదు. 1922 అక్టోబరు 28కి ముందున్న బిరుదుల్లోని స్థలనామాలు మాత్రం పేరులో భాగంగా కొనసాగవచ్చని చెబుతుంది. అందువల్ల 1948 తరువాతి కాలపు పత్రంలో కౌంటెస్ అన్న మాట కనబడితే దానిని సంఘమర్యాదగానే లెక్కించి, చట్టపరమైన పేరు ఏమిటో విడిగా చూసుకోవాలి.