అమెరికా మైదానాల్లో స్థిరపడ్డ జర్మన్ పూర్వీకులు: హోమ్‌స్టెడ్ ఫైలుకు దరఖాస్తు విధానం

నెబ్రాస్కా, కాన్సాస్, డకోటాల్లో జర్మన్ ఇంటిపేర్లు అడుగడుగునా కనిపిస్తాయి. ఆ కుటుంబాలతో మనవాళ్లు వియ్యమందడం ఇప్పుడు కొత్తేమీ కాదు. మనవడు స్కూలు కోసం వంశవృక్షం గీయాల్సి వస్తే, మన వైపు మూడు నాలుగు తరాలు నోటికే చెప్పేస్తాం. అటు వైపు మాత్రం ‘ముత్తాత తండ్రి జర్మనీ నుంచి వచ్చాడట’ దగ్గర ఆగిపోతుంది. ఆ ‘అట’ను తీసేయగల కాగితాలు చాలాసార్లు అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో దొరుకుతాయి. ప్రభుత్వ భూమి కోసం అప్పట్లో దాఖలైన ఆ కాగితాల కట్టను ల్యాండ్ ఎంట్రీ కేస్ ఫైల్ అంటారు, హోమ్‌స్టెడ్ ఫైలు అందులో ఒక రకం. ఎవరైనా అడిగి తీసుకోవచ్చు, రక్తసంబంధం ఉండక్కర్లేదు.

భూమి ఫైల్లో వంశం వివరాలు ఎందుకుంటాయంటే, కారణం చట్టంలోనే ఉంది. 1862 మే 20న లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం 1863 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇంటి పెద్ద అయినా, 21 ఏళ్లు నిండినవాళ్లయినా 160 ఎకరాల వరకు ప్రభుత్వ భూమి అడిగే వీలుండేది. ఐదేళ్లు అక్కడే కాపురముండి, ఇల్లు కట్టి, సాగు చేసి చూపిస్తే పట్టా ఇచ్చేవారు. విదేశాల నుంచి వచ్చినవాళ్లు ముందుగా ‘అమెరికా పౌరుణ్ణి అవుతాను’ అని కోర్టులో డిక్లరేషన్ ఇవ్వాల్సి వచ్చేది, పట్టా చేతికొచ్చే నాటికి పౌరసత్వం పూర్తి కావాల్సి ఉండేది. అందుకే ఆ కాగితాల నకళ్లు భూమి ఫైల్లోకి చేరాయి.

ముందు పట్టా వివరాలు పట్టుకోండి

దరఖాస్తులో పేరు ఒక్కటే రాస్తే పని జరగదు, భూమి వివరాలు కావాలి. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ వారి జనరల్ ల్యాండ్ ఆఫీస్ రికార్డ్స్ వెబ్‌సైట్‌లో అవి ఉచితంగా దొరుకుతాయి. రాష్ట్రం, కౌంటీ, ఇంటిపేరు ఇచ్చి వెతకండి.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. మ్యూలర్ మిల్లర్ అయ్యాడు, ష్మిట్ స్మిత్ అయ్యాడు. పైగా జర్మన్లు పిల్లలకు రెండు పేర్లు పెట్టి, చాలావరకు రెండో దాంతోనే పిలిచేవారు. జ్ఞానస్నానం రిజిస్టర్‌లో ‘యోహాన్ హైన్రిష్’ అని ఉన్న మనిషి అమెరికాలో ‘హెన్రీ’గా కనిపిస్తాడు. అతన్ని ‘జాన్’ అని వెతికితే దొరకడు. పేరుతో కుదరకపోతే, కుటుంబంలో ఎవరికైనా పాత పొలం ఎక్కడుండేదో తెలుసేమో అడగండి. పేరు ఖాళీగా వదిలేసి సెక్షన్, టౌన్‌షిప్, రేంజ్ నంబర్లతో వెతకొచ్చు. ఇవి మన సర్వే నంబర్ల లాంటివే. టౌన్‌షిప్ అంటే 36 చదరపు మైళ్లు, అందులో ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు, దానిలో నాలుగో వంతు హోమ్‌స్టెడ్.

పట్టా కనిపించాక రాష్ట్రం, ల్యాండ్ ఆఫీసు పేరు, డాక్యుమెంట్ నంబర్, తేదీ, భూమి హద్దుల వివరం, ఏ చట్టం కింద ఇచ్చారో రాసుకోండి. చివరిది మర్చిపోవద్దు. ఐదేళ్లు ఆగలేక ఎకరానికి ఇంతని డబ్బు కట్టేసి పట్టా తీసుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లది ‘క్యాష్ ఎంట్రీ’గా నమోదవుతుంది. 1873 చట్టం కింద చెట్లు నాటే షరతు మీద మరో 160 ఎకరాలు తీసుకుని ఉంటే, దానికి వేరే ఫైలు, వేరే దరఖాస్తు.

దరఖాస్తు

నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లోని ఆన్‌లైన్ ఆర్డర్ పేజీలో అకౌంట్ తెరిచి, భూమి ఫైళ్ల విభాగం ఎంచుకోండి. ఆ ఫారం పేరు ఎన్‌.ఏ.టి.ఎఫ్. 84. 1908 జూలైకి ముందు ఇచ్చిన పట్టాలకు ల్యాండ్ ఆఫీసు పేరు, ఎంట్రీ రకం, నంబర్ అన్నీ కావాలి. ఆ తర్వాతి వాటికి దేశమంతటికీ ఒకటే వరుస సంఖ్య పెట్టారు కాబట్టి ఆ నంబర్ సరిపోతుంది. ఫీజు కార్డుతో కట్టాలి. ఎంతో ఆర్డర్ పేజీలోనే ఉంటుంది. నెబ్రాస్కా ఫైళ్లు ఇప్పటికే డిజిటల్ అయ్యాయి, కాబట్టి ఆ రాష్ట్రం వాళ్లు డబ్బు కట్టకముందే ఫ్యామిలీసెర్చ్ లాంటి వంశావళి వెబ్‌సైట్లలో చూడండి. వాషింగ్టన్ వెళ్లే వీలుంటే, రీసెర్చర్ కార్డు తీసుకుని అసలు ఫైలునే చూసి ఫొటోలు తీసుకోవచ్చు.

ఫైల్లో ఏముంటుంది

పట్టా బొమ్మ దొరికిందని చాలామంది అక్కడే ఆగిపోతారు. అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. పట్టా మీద పేరు, భూమి, తేదీ, నంబర్ లాంటివి తప్ప ఏమీ ఉండవు. మనిషి కనిపించేది ఫైల్లోని ‘ఫైనల్ ప్రూఫ్’లో, అంటే షరతులన్నీ నెరవేర్చానని చివర్లో ఇచ్చిన వాంగ్మూలంలో. ఎప్పుడు కాపురానికి వచ్చారు, ఇల్లు ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎన్ని ఎకరాలు దున్నారు, ఏ పంట వేశారు, భార్యాపిల్లలు ఎందరు, మధ్యలో ఎక్కడికైనా వెళ్లారా అని అడిగి రాశారు. కింద ఆయన సంతకం ఉంటుంది, కొన్నిసార్లు పాత జర్మన్ లిపిలో.

పౌరసత్వం కాగితంలో ‘ఏ రాజుకు విధేయత వదులుకుంటున్నారు’ అన్న చోటు తప్పక చదవండి. జర్మన్ మాట్లాడే కుటుంబం రష్యా చక్రవర్తి పేరు రాసి ఉంటే, వాళ్లు వచ్చింది బహుశా వోల్గా ఒడ్డు నుంచో నల్లసముద్రం దగ్గర్నుంచో. రష్యా రాణి కేథరీన్ 1763 ప్రకటనతో వోల్గా ఒడ్డుకు, తర్వాత ఆమె మనవడు అలెగ్జాండర్ చక్రవర్తి నల్లసముద్రం దగ్గరికి పిలిపించిన జర్మన్ రైతుల వారసులు వాళ్లు. 1874లో సైన్యంలో చేరడం తప్పనిసరి చేశాక వేలమంది అమెరికా దారి పట్టారు. అలాంటప్పుడు జర్మనీలో వెతికితే ఏళ్లు వృథా.

ఆ కాగితంలో కోర్టు పేరు కూడా ఉంటుంది. 1906 సెప్టెంబర్ 27కి ముందు పౌరసత్వమైతే మిగతా రికార్డు కోసం ఆ కోర్టును, లేదా దాని పాత రికార్డులున్న రాష్ట్ర ఆర్కైవ్స్‌ను అడగాలి. ఆ తర్వాతదైతే ఇమిగ్రేషన్ శాఖ వంశావళి విభాగానికి జీ-1041తో ముందు ఫైలు నంబర్ వెతికించుకుని, జీ-1041ఏతో నకలు తెప్పించుకోవాలి. ఆ వ్యక్తి పుట్టి 100 ఏళ్లు నిండకపోతే మరణ ధ్రువీకరణ జతచేయాలి. 1906 తర్వాతి ఈ కాగితాల్లో పుట్టిన ఊరు, ఓడ పేరు దొరికే అవకాశం ఎక్కువ.

పట్టా దొరక్కపోతే

కంగారు పడొద్దు. వాళ్లు రైల్వే కంపెనీ దగ్గర కొని ఉండొచ్చు. కాన్సాస్‌లో మెన్నొనైట్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు చాలామంది శాంటా ఫే రైల్వే భూమే కొన్నారు. అప్పుడు కౌంటీ రిజిస్టర్ ఆఫ్ డీడ్స్ ఆఫీసును అడగాలి. మధ్యలో భూమి వదిలేసినవాళ్లకు పట్టా ఉండదు గానీ ఫైలు ఉండొచ్చు. దాని నంబర్ ట్రాక్ట్ బుక్స్ అనే పాత భూమి రిజిస్టర్లలో దొరుకుతుంది.

ఫైలు వచ్చినా అందులో ఊరి పేరు లేకపోతే, ఫైనల్ ప్రూఫ్‌లో సాక్ష్యం చెప్పిన ఇద్దరు పొరుగువాళ్ల పేర్లు చూడండి. ఒకే ఊరి నుంచి వచ్చినవాళ్లు పక్కపక్కనే భూములు తీసుకోవడం అప్పట్లో మామూలు, వాళ్లలో బావమరుదులూ ఉండొచ్చు. వాళ్ల పట్టాలు కూడా అదే వెబ్‌సైట్‌లో వెతికి, వాళ్ల ఫైళ్లకు ఇదే ఫారం మీద దరఖాస్తు పెట్టండి.