వీలునామా రాయించే ముందు లేఖరి చెప్పే నాలుగు మాటలు

వీలునామా అనగానే చాలామంది స్టాంపు కాగితం కొనుక్కుని మరీ వస్తారు. అక్కర్లేదు. తెల్ల కాగితం చాలు, స్టాంపు సుంకం లేదు, రిజిస్ట్రేషన్ కూడా మీ ఇష్టమే. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముందు బల్ల వేసుకుని దస్తావేజులు రాసేవాణ్ణి నేను. నా ఫీజుకు గండి పడే మాటే అయినా చెబుతున్నాను, మీ చేతిరాతతో మీరే రాసుకోవచ్చు. 18 ఏళ్లు నిండి, మతి స్థిమితంగా ఉంటే చాలు.

చిక్కంతా సాక్షుల దగ్గరే. 1925 నాటి భారత వారసత్వ చట్టం, 63వ సెక్షన్ ప్రకారం కనీసం ఇద్దరు ఉండాలి. మీరు సంతకం చేయడం వాళ్లు చూడాలి, లేదా ఆ సంతకం నాదేనని మీరు వాళ్లకు చెప్పాలి. తర్వాత మీ ఎదుటే వాళ్లూ సంతకం పెట్టాలి. రేపు గొడవ వస్తే వారిలో ఒకరైనా కోర్టు బోనెక్కి చెప్పాలి కాబట్టి మీకంటే చిన్నవారిని, ఊళ్లో నిలకడగా ఉండేవారిని పిలవండి. ఈడువాడని తోటి పెద్దమనిషిని తెస్తే మీకంటే ముందే ఆయన వెళ్లిపోవచ్చు! ఆస్తి పొందేవారిని సాక్షిగా పెట్టకండి. క్రైస్తవుల విషయంలో ఆ సాక్షికి రాసిన ఆస్తి చెల్లదు. హిందువులకు ఆ నిబంధన లేకపోయినా అనుమానం మాత్రం తప్పదు.

ఆస్తి వివరంలో సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, అది మీ చేతికి ఎలా వచ్చిందీ రాయండి. హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తయితే మీ వాటా వరకే రాసే హక్కు ఉంది. ముస్లింలు వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి రాస్తే చెల్లదు.

ఇక నాకు ఒళ్లు మండే వాక్యం ఒకటుంది: ‘ఈ ఇల్లు నా భార్య జీవితాంతం అనుభవించి, ఆమె తదనంతరం నా కుమారునికి చెందవలెను.’ భార్యకు నీడ, కొడుక్కి ఇల్లు, పని అయిపోయిందనుకుంటారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ అక్కడే కాచుకుని ఉంటుంది. మనోవర్తి హక్కు కింద, అంటే ఆమె పోషణ కోసం ఇచ్చిన ఆస్తి పరిమిత హక్కుతో ఇచ్చినా ఆమెకు పూర్తి సొంతమవుతుందని, మన రాష్ట్రం నుంచే వెళ్లిన తులసమ్మ కేసులో 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఆ తల్లి ఇల్లు అమ్మినా, కూతురికి రాసినా కొడుకు కోర్టుకెక్కుతాడు. ఏళ్లు గడుస్తాయి. నన్నడిగితే భార్యకు దానవిక్రయాది సర్వహక్కులతో రాసేయండి. అది ఇష్టం లేకపోతే లేఖరి దగ్గర కాదు, వకీలు దగ్గర కూర్చోండి.

సంతకాలయ్యాక వైట్‌నర్ పూయడం, పక్కన పేరు ఇరికించడం వద్దు. ఆ దిద్దుబాటుకూ మీ సంతకం, సాక్షుల సంతకాలు కావాలి. దానికంటే కొత్తది రాసి, ‘ఇంతకు ముందు రాసిన వీలునామాలన్నీ రద్దు’ అని చేర్చడం తేలిక. చివరిదే చెల్లుతుంది.

రిజిస్ట్రేషన్‌కు గడువు లేదు. మంచం పట్టినవారి కోసం సబ్‌రిజిస్ట్రార్‌ను ఇంటికి రమ్మని అర్జీ పెట్టుకోవచ్చు. రిజిస్టరైనా కోర్టులో సాక్షి అవసరం తీరదు, కానీ కాగితం మాయమయ్యే భయం తగ్గుతుంది. విషయం బయటపడకూడదంటే సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచవచ్చు. ఎక్కడ దాచారో మాత్రం నమ్మకస్తులు ఒకరికి చెప్పి ఉంచండి.