శ్రమల తరువాత విశ్వాసంలో తిరిగి నిలబడడం ఎలా

ముందుగా మీ దుఃఖాన్ని దాచకుండా దేవుని ఎదుట కుమ్మరించండి. మాటలు దొరకకపోతే, ‘ఎంతకాలము’ అని దేవుణ్ణే పదే పదే అడిగిన బైబిలులోని 13వ కీర్తనను మెల్లగా చదివి, దానినే మీ ప్రార్థనగా చేసుకోండి.

శరీరాన్ని నిర్లక్ష్యం చేయడం భక్తి కాదని నేను గట్టిగా నమ్ముతాను. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో, ఇక చాలునని చావును కోరుకుని బదరీవృక్షం కింద పడుకున్న ఏలీయా ప్రవక్తను దేవదూత మందలించలేదు; రెండుసార్లు తట్టి లేపి భోజనం చేయమన్నాడు, ముందున్న ప్రయాణం మాట రెండవసారి మాత్రమే ఎత్తాడు. అందుచేత నిద్ర, ఆహారం కుదుటపడే వరకు పెద్ద నిర్ణయాలను వాయిదా వేయండి.

సంఘంలో నమ్మదగిన ఒకరిని మీతో కలిసి ప్రార్థించమని అడగండి. బ్రతకాలనిపించనంత నిరాశ కలిగితే, ప్రార్థనతో పాటు వైద్యుణ్ణి కూడా వెంటనే కలవండి.

అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ‘ముల్లు’ అని చెప్పుకున్న బాధను తీసివేయమని దేవుణ్ణి మూడుసార్లు వేడుకున్నా అది తొలగలేదు, కృప మాత్రం దొరికింది. కాబట్టి ప్రతి ఉదయం ఆ రోజు పనికి సరిపడే బలాన్ని అడిగి, పని మొదలుపెట్టండి.