మేకు కొట్టకూడని గదిలో ఉట్టి, దండెం, లారీ ముడి

అనంతపురంలో మా హాస్టల్ గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. అందులో ముగ్గురం. ఒక రెండంతస్తుల ఇనుప మంచం, ఒక ఒంటి మంచం, గోడలో కడప బండలతో కట్టిన మూడు అరలు, తలా ఒకటి. నా అరలో పుస్తకాలు సర్దితే బట్టలకు చోటుండదు. బట్టలు సర్దితే అవ్వ పంపిన చెనక్కాయల పొడి డబ్బా మంచం కింద చెప్పుల పక్కన ఉండాల్సిందే. గోడకు ఒక్క మేకు దిగినా డిపాజిట్ తిరిగి రాదని వార్డెన్ సారు చేరిన రోజే చెప్పినాడు.

మా నాయన లారీ తోలతాడు. తాడిపత్రి నుంచి బండలు, కాలం వస్తే చెనక్కాయ మూటలు. ఆయన మోకు బిగించడం చిన్నప్పటి నుంచి చూస్తానే ఉన్నా. ఇంట్లో అవ్వకు ఉట్టి ఉండేది, కొట్టంలో పలుపులు, పగ్గాలు. ఇన్ని తాళ్ల మధ్య పెరిగినోడికి గదిలో తాడు కట్టుకోవచ్చని రెండో సంవత్సరం దాకా తట్టలేదు.

ముందు తాడు కొనొద్దు. ఎక్కడ కట్టాలో చూసుకోండి. మా గదిలో నమ్మదగినవి రెండే: కిటికీ ఇనుప కడ్డీలు, రెండంతస్తుల మంచం కాళ్లు, పట్టీలు. కడ్డీని రెండు చేతులతో పట్టుకొని గట్టిగా ఊపి చూడండి. కిర్రుమన్నా, సిమెంటు పొడి రాలినా దాన్ని వదిలేయండి. ఫ్యాన్ కొక్కేనికి, కరెంటు పైపులకు మాత్రం ఎంత చిన్న వస్తువైనా వేలాడదీయొద్దు. బండల అర మీద కూడా నాకు ఆశ పుట్టింది గానీ, కోసిన బండ అంచు తాడును రోజూ కొంచెం కొంచెం రంపంలా కోస్తుంది. తప్పదనుకుంటే పాత సైకిల్ ట్యూబు ముక్క మడిచి అంచు మీద వేయాల.

తాడు పాతూరులో తాళ్ల అంగట్లో తెచ్చుకున్నా. ప్లాస్టిక్ తాడును తూకానికి ఇస్తారు. 6 మిల్లీమీటర్ల మందం గదిలో పనికి చాలు. అంతకంటే సన్నమైతే బరువు మోసినా, బిగించేటప్పుడు చేతులు కోసుకుంటాయి. నైలాన్ తాడు గట్టిదే గానీ సాగుతుంది, ఈరోజు బిగించిన దండెం రేపటికి కుంగి ఉంటుంది. పురికొస, నూలు తాడు చేతికి మెత్తగా ఉంటాయి, ముడి జారదు, ఉట్టికి అవే మేలు. కానీ తడి బట్టలు వేసే చోట నూలు వద్దు, తడిసి బిగిసిన ముడిని విప్పాలంటే పండ్లు ఊడతాయి. ప్లాస్టిక్ తాడు కోసిన కొసను కొవ్వొత్తి మంటకు చూపిస్తే పోగులు విడిపోకుండా అతుక్కుంటాయి. కరిగిన కొసను వేళ్లతో నొక్కబాకండి, చర్మానికి అంటుకొని కాలుస్తుంది.

ఇంకొకటి మా ఊరి ఎండ సంగతి. పడమటి కిటికీ బయట కట్టిన నా నీలం తాడు మార్చిలో కొత్తగానే ఉండింది. మే నెలాఖర్లో పట్టుకుంటే వేళ్లకు నీలం పొడి అంటింది, మెలితిప్పితే పోగులు పుటుక్కుమన్నాయి. ప్లాస్టిక్ తాడుకు ఎండే చెదలు. గది లోపల సరే, ఎండలో కట్టినదాన్ని మాత్రం పొడి రాలడం మొదలైతే మార్చుకోవాల్సిందే.

ఇప్పుడు ముళ్లు. నా మొదటి పని చీనీ కాయల క్రేటు. మార్కెట్లో పాతవి దొరుకుతాయి, చుట్టూ కంతలుంటాయి కాబట్టి తాడుకు అనువు. దాన్ని పై మంచం పట్టీలకు కట్టి, నిండా పుస్తకాలు పెట్టి, ఒకదాని మీద ఒకటి రెండు మామూలు ముళ్లు వేసి, పని అయిపోయిందనుకున్నా. రాత్రి రెండు గంటలకు ఒక పక్క ముడి జారి, థర్మోడైనమిక్స్ పుస్తకం కింద పడుకున్నోడి మోకాలి మీద పడింది. "ఏమప్పా, సంపేస్తావా?" అన్నాడు. తప్పు తాడుది కాదు, ముడిది. నున్నటి ప్లాస్టిక్ తాడు మీద ఆ ముడి నిలవదు. బరువు ఊగే కొద్దీ కొస జరుగుతూ పోతుంది.

కడ్డీకి వేయాల్సిన ముడి ఇది. కొసను కడ్డీ చుట్టూ ఒకసారి తిప్పండి. రెండో చుట్టు మొదటిదాన్ని అడ్డంగా దాటుకుంటూ పోవాల. ఆ అడ్డం పోయిన తాడు కింద నుంచి కొసను దూర్చి లాగండి. కడ్డీ మీద రెండు చుట్లు పక్కపక్కన, వాటి మీద ఒక ఏటవాలు గీత కనబడితే సరిగ్గా పడినట్టు. ఇంగ్లీషులో క్లోవ్ హిచ్ అంటారు. ఇది ఒక్కటే ఉంటే మెల్లగా వదులవుతుంది. అందుకని కొసను జానెడు మిగుల్చుకొని, బరువు మోసే తాడు చుట్టూ రెండు సగం ముళ్లు వేయండి, రెండూ ఒకే దిక్కుకు తిరగాల. సగం ముడి అంటే కొసను తాడు చుట్టూ ఒకసారి తిప్పి, ఆ చుట్టులోంచే దూర్చి లాగడం. నిలువు కాలికి కడితే కిందికి జారుతుంది, రంగు వేసిన ఇనుము మరీ నున్నన. అక్కడ సైకిల్ ట్యూబు ముక్క చుట్టి దాని మీద కట్టండి, లేదా అడ్డపట్టీ అతుక్కున్న చోటుకు పైన కట్టండి.

రెండోది బిగుసుకోని కన్ను, అంటే లాగినా చిన్నది కాని ఉచ్చు. ఇంగ్లీషులో బోలైన్. కొసకు ఒక మూర ముందు తాడులో చిన్న మెలిక వేయండి, కొస వైపు తాడు పైన ఉండేటట్టు. ఆ మెలిక పాముపుట్ట అనుకోండి, పొడుగు తాడు పుట్ట వెనక చెట్టు. కొస పాము. పాము పుట్టలోంచి పైకొచ్చి, చెట్టు వెనక నుంచి చుట్టుకొని, వచ్చిన కంతలోకే దిగుతుంది. అప్పుడు చెట్టును ఒక పక్కకు, పామును దాని పక్క తాడుతో కలిపి ఇంకో పక్కకు లాగండి. ఎంత బరువు వేసినా కన్ను చిన్నది కాదు. బరువు దించినాక సులభంగా విడిపోతుంది. నాకు పదిసార్లు తప్పింది, పదకొండోసారి పడింది.

క్రేటును మళ్లీ కట్టింది ఈ రెండు ముళ్లతోనే. రెండు తాళ్లు తీసుకొని, ఒక్కోదాన్ని క్రేటు అడుగు కింద నుంచి పోనిచ్చినా. చెవులకు మాత్రమే కడితే పాత ప్లాస్టిక్ ఒకరోజు పగులుతుంది. ప్రతి తాడుకు ఒక కొసను పట్టీ చుట్టూ తిప్పి బోలైన్ కన్ను వేసినా, రెండో కొసను పట్టీకి క్లోవ్ హిచ్ వేసినా. ఎత్తు సరిచేయాలంటే ఈ రెండో కొస ఒక్కటే విప్పితే చాలు. పుస్తకాలు పెట్టే ముందు నీళ్లతో పరీక్ష చేయండి. లీటరు నీళ్లు కిలో బరువు. 20 లీటర్ల క్యాను క్రేటులో పెట్టి, కింద ఎవరూ పడుకోకుండా ఒక పూట వదిలేయండి. నిలిచిందంటే 10 కిలోల పుస్తకాలు పెట్టుకోండి. 20 మోసిందని 20 పెట్టబాకండి, ముడి పడిన చోట తాడు బలం ఎప్పుడూ తగ్గుతుంది.

దండేనికి లారీ ముడి. సెలవల్లో నాయన నన్ను బండి పక్కన నిలబెట్టి చూపించినాడు. ఆయన చేతులు పని చేస్తాంటే ముడి కనబడనే లేదు, చేయి అట్లా పోయి ఇట్లా వచ్చింది, తాడు కోడె తోకలాగా నిటారైంది. "మెల్లగా చెయ్యి నాయనా" అంటే, "మెల్లగా నాకు రాదురా" అన్నాడు. నాలుగోసారికి అర్థమైంది. ఒక కొసను దూరపు కడ్డీకి కట్టేయండి. రెండో కడ్డీకి రెండు అడుగుల ముందు తాడులో ఒక మెలిక వేసి, కొస వైపున్న వదులు తాడును మడిచి ఆ మెలికలోంచి లాగి కన్ను చేయండి. వదులు వైపు నుంచే లాగాల. బిగువు వైపు నుంచి లాగితే బరువు పడగానే కన్ను మాయమవుతుంది. కొసను రెండో కడ్డీ వెనక నుంచి తిప్పి, ఆ కన్నులోంచి పోనిచ్చి, కడ్డీ వైపుకే వెనక్కి లాగండి. లెక్క ప్రకారం మీ లాగుడుకు మూడింతల బలం రావాల, తాడు రాపిడికి అందులో చాలా పోతుంది. అయినా వట్టి చేత్తో లాగిన దానికంటే ఎంతో మేలు. కన్ను దగ్గర బొటనవేలితో నొక్కి పట్టి, రెండు సగం ముళ్లు.

అయితే వీణ తీగలాగా బిగించొద్దు. ఇక్కడ చాలామంది పొరపడతారు. 10 అడుగుల దండెం మధ్యలో 10 కిలోల తడి దుప్పట్లు వేసినారనుకోండి. తాడు 15 అంగుళాలు కుంగితే ఒక్కో కొసన సుమారు 20 కిలోల లాగుడు. 5 అంగుళాలే కుంగితే సుమారు 60. తాడు చూడ్డానికి బాగుంటుంది గానీ కడ్డీ పీకుతుంది. ఇంకా ఒకటి, దండేన్ని నడిచే దారికి అడ్డంగా మెడ ఎత్తున కట్టొద్దు. కరెంటు పోయిన రాత్రి మా గదిలో ఒకడు గొంతు కోసుకున్నంత పని చేసినాడు.

ఉట్టి తేలిక. 10 అడుగుల పురికొసలు నాలుగు తీసుకొని సగానికి మడవండి. మడత దగ్గర నాలుగింటినీ కలిపి ముడేస్తే పైన కన్ను, కింద ఎనిమిది పోగులు. వాటిని రెండేసి నాలుగు జతలు చేయండి. కన్నుకు రెండున్నర అడుగుల కింద ఒక్కో జతకు ఒక ముడి. ఇంకో నాలుగంగుళాల కింద పక్క జతల్లోంచి చెరో పోగు తీసుకొని ముడేయండి, అప్పుడు వల కళ్లు పడతాయి. ఇంకో నాలుగంగుళాల కింద ఎనిమిదింటినీ పోగేసి గట్టిగా ఒకే ముడి. డబ్బాను మధ్యలో కూర్చోబెడితే అదే ఒడిలో ఉన్నట్టు నిలుస్తుంది. అవ్వది కిత్తనార ఉట్టి, పాల కుండకు పిల్లి అందకుండా. నాది బొరుగులకు, చెనక్కాయల పొడికి. ఎలకలు రాలేదు. చీమలు మాత్రం తాడు పట్టుకొని వరసగా దిగినాయి, వాటికి నేనే దారేసి ఇచ్చినట్టయింది. మూత బిగువుగా పడే స్టీలు డబ్బా అయితేనే పెట్టండి.

నెలకొకసారి ముళ్లన్నీ చేత్తో తడిమి చూడండి. నూగు లేచిన చోట, నలిగి చదునైన చోట తాడు కోసేసి కొత్తది కట్టండి, ముడేసి అతకబాకండి. గది ఖాళీ చేసేటప్పుడు సామాను దించినాకే విప్పాల. లారీ ముడికి ముందు సగం ముళ్లు తీసి కొస లాగితే కన్ను తనంతట తానే విడిపోతుంది. బోలైన్ బిగుసుకుంటే చెట్టు చుట్టూ ఉన్న మెలికను బొటనవేలితో వెనక్కి విరిచినట్టు నెట్టండి, వదులవుతుంది. మంచం కాలి మీద ట్యూబు మరకలుంటే కొబ్బరి నూనె గుడ్డతో తుడిస్తే పోతాయి. వార్డెన్ సారు గోడలే చూస్తాడు గానీ, ఎందుకైనా మంచిది, మంచం కాళ్లు కూడా తుడిచి పెట్టండి.