సంధు ఇంటిపేరు మూలాలు వెతకాలంటే: ముందు ఊరు, తర్వాత కాగితాలు, ఆఖర్న డీఎన్ఏ

పంజాబీ ఇంటిపేరు పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకుందామని కూర్చున్నవాళ్లు చాలామంది చేసే మొదటి పని డీఎన్ఏ కిట్ ఆర్డర్ పెట్టడం. నిజానికి అది ఆఖరి పని. కిట్లు ఎక్కడికీ పోవు గానీ, ఇంట్లో పెద్దవాళ్లు మాత్రం ఎప్పుడూ ఉండరు కదా. తెలుగిళ్లలో పంజాబీ కోడలో అల్లుడో ఉండటం ఇప్పుడు వింతేమీ కాదు, మనవలకి రెండువైపులా వంశవృక్షం రాసిపెడదామనుకునేవాళ్లు కూడా కనిపిస్తున్నారు కాబట్టి పనికొస్తుందని రాస్తున్నా. సంధు అనే ఒక్క పేరునే పట్టుకుని చెప్తాను, ఎందుకంటే ఇందులో అన్ని చిక్కులూ ఉన్నాయి. మీకు కావాల్సింది గిల్ అయినా బాజ్వా అయినా దారి ఇదే.

మొదట పాస్‌పోర్టులో ఉన్న పేరుని నమ్మేయకండి. భగత్ సింగ్ పేరు తెలియని తెలుగువాళ్లు ఉండరు, ఆయన సంధు అని తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. 1699లో ఆనంద్‌పూర్‌లో ఖాల్సా, అంటే దీక్ష తీసుకున్న సిక్కుల సంఘం, ఏర్పడ్డాక సిక్కుల్లో మగవాళ్లకి సింగ్, ఆడవాళ్లకి కౌర్ వచ్చాయి. అసలు వంశం పేరు, అంటే వాళ్లు 'గోత్' అనేది, చాలా ఇళ్లలో కాగితాల మీదకి రాదు. కొందరైతే ఊరి పేరునే ఇంటిపేరు చేసుకున్నారు. ముఖ్యమంత్రిగా చేసిన ప్రకాశ్ సింగ్ బాదల్ గోత్ ఢిల్లాన్, బాదల్ అనేది ఊరు. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ తండ్రి ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ అని పెట్టుకుంటే, ఆయన సొంత తమ్ముడు సుందర్ సింగ్ మజీఠియా అని ఊరి పేరుతో చలామణీ అయ్యాడు. ఒకే తండ్రి బిడ్డలకి రెండు ఇంటిపేర్లు! దీనికి తోడు కెనడా ఇమిగ్రేషన్ వాళ్లు 2007 దాకా ఉత్త సింగ్, ఉత్త కౌర్ అని ఇంటిపేరు పెడితే కుదరదు, మార్చుకోమనేవాళ్లు. దాంతో అన్న వాంకోవర్‌లో సంధు, తమ్ముడు పంజాబ్‌లోని తరన్ తారన్‌లో సింగ్ అన్నట్టు తయారైన కుటుంబాలు బోలెడు.

కాబట్టి వియ్యపురాలికో బావగారికో ఫోన్ చేసినప్పుడు "మీ ఇంటిపేరేంటి" అని అడగొద్దు. "మీ గోత్ ఏది, మీ జద్దీ పిండ్ ఏది, మీ నానకే ఎక్కడ" అని మూడు ప్రశ్నలు అడగండి. జద్దీ పిండ్ అంటే తాతముత్తాతల ఊరు, నానకే అంటే అమ్మమ్మగారిల్లు. వాళ్ల గోత్‌ని మన భరద్వాజ, కౌండిన్య లాంటి రుషి గోత్రం అనుకుంటే లెక్క తప్పుతుంది. వాడుకలో అది మన ఇంటిపేరులా పనిచేస్తుంది, ఒకే గోత్ వాళ్ల మధ్య సంబంధాలు కలుపుకోరు. హర్యానా వైపు సంధు అనరు, సింధు అంటారు. నెట్‌లో ఆ స్పెల్లింగ్‌తో వెతికితే మన బ్యాడ్మింటన్ సింధు ఫొటోలే వస్తాయి, పక్కన 'జాట్ గోత్' అని కలిపి కొట్టండి (జాట్ అంటే అటువైపు పెద్ద రైతు కులం).

ఊరు చెప్పగానే సంబరపడిపోకండి, అసలు చిక్కు అక్కడే ఉంది. "మాది లాయల్‌పూర్" అని చాలా ఇళ్లలో చెప్తారు. లాయల్‌పూర్ అంటే ఇప్పటి పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్. అది 1890ల్లో చీనాబ్ కాలువ తవ్వాక బ్రిటిష్ ప్రభుత్వం అమృత్‌సర్, జలంధర్, లుధియానా, హోషియార్‌పూర్ వంటి జిల్లాల రైతుల్ని తీసుకెళ్లి కూర్చోబెట్టిన కాలనీ ప్రాంతం. అక్కడి ఊళ్లకి పేర్లకంటే ముందు చక్ నంబర్లు వచ్చాయి. భగత్ సింగ్ 1907లో పుట్టింది లాయల్‌పూర్ జిల్లా చక్ నంబర్ 105 బంగాలో, పూర్వీకుల ఊరు మాత్రం జలంధర్ వైపు ఖట్కర్ కలాన్. అంటే మీకు దొరికిన ఊరికి ముందు 'చక్' ఉందంటే మీ వెతుకులాట అక్కడితో అయిపోలేదు. అంతకుముందు ఏ జిల్లా నుంచి కదిలారో కనుక్కోవాలి. 1947లో ఇటువైపు వచ్చేసినవాళ్లకి భూమి కేటాయించేటప్పుడు పాకిస్తాన్ నుంచి రికార్డులు తెప్పించి సరిచూశారు, అందుకని పాత ట్రంకు పెట్టెలో అలాట్‌మెంట్ కాగితం ఉంటే అందులో వదిలేసి వచ్చిన ఊరు పేరు ఉండొచ్చు. దాన్ని ఫొటో తీసి పంపమనండి. వాట్సాప్‌లో అడిగితే "చూస్తాలే" అంటారు, పెళ్లికి వెళ్లినప్పుడు కూర్చోబెట్టి తీయించుకోవడమే మేలు.

ఊరు ఖాయమయ్యాక పట్వారీ. మన దగ్గర ఎన్టీఆర్ రద్దు చేసిన పట్వారీ అక్కడ ఇప్పటికీ ఉన్నాడు. మన అడంగల్, పహాణీ లాగా అక్కడ జమాబందీ ఉంటుంది, పంజాబ్ ప్రభుత్వ భూ రికార్డుల సైట్‌లో జిల్లా, తహసీల్, ఊరు ఎంచుకుని ఇటీవలివి చూడొచ్చు. కానీ మనకి కావాల్సింది అది కాదు, 'షజ్రా నసబ్'. 1849లో పంజాబ్ బ్రిటిష్ చేతికి వెళ్లాక జరిగిన భూమిశిస్తు సెటిల్‌మెంట్లలో ఊరి భూస్వాముల వంశవృక్షాలు రాయించారు. పైన ఊరు కట్టాడని చెప్పుకునే మూలపురుషుడు, కింద కొడుకులు, చాలా ఊళ్లలో ఆ కొడుకుల పేర్లతోనే పత్తీలు, అంటే పాయలు. పిల్లల్లేకుండా పోయినవాడి పేరు కింద 'లావల్ద్' అని రాసి గీత ఆపేస్తారు. పాతవి ఉర్దూలో ఉంటాయి కాబట్టి చదివేవాళ్లని వెంట తీసుకెళ్లాలి. హైదరాబాద్ పాతబస్తీలో దస్తావేజులు చదివే పెద్దాయన ఎవరైనా తెలిసుంటే ఫొటోలు చూపించినా పనైపోతుంది. ఇందులో రెండు లోపాలు. ఆడపిల్లల పేర్లు దాదాపు ఉండవు, భూమి లేని కుటుంబాలూ ఉండవు. మీ సంధు కుటుంబం కౌలు రైతులో చేతివృత్తివాళ్లో అయితే ఇక్కడ ఖాళీ కనిపిస్తుంది. సంధులందరూ జాట్లే అనుకోవద్దు, పంజాబ్‌లో ఒకే గోత్ పేరు వేర్వేరు కులాల్లో, వేర్వేరు మతాల్లో ఉంటుంది. సియాల్‌కోట్, లాహోర్ వైపు ముస్లిం సంధులు చాలామంది ఉన్నారు.

ఆ ఖాళీ పూడ్చడానికి పండాల బహీలు, అంటే తీర్థాల్లోని పురోహితులు రాసే వంశావళి పుస్తకాలు. కాశీ, గయ వెళ్లినవాళ్లకి ఈ పద్ధతి కొత్త కాదు. పంజాబీలకి హరిద్వార్, కురుక్షేత్ర దగ్గర పెహోవా ముఖ్యం. జిల్లా, ఊరు, కులం, గోత్ చెబితే ఆ ప్రాంతం ఏ పండాదో అక్కడివాళ్లే చూపిస్తారు. పొడవాటి పుస్తకంలో ఎవరి అస్థికలతో ఎవరు వచ్చారో, వెంట ఏ అన్నదమ్ములు ఉన్నారో, ఒక్కోసారి ముత్తాత చేతిరాతతో సహా ఉంటుంది. సిక్కు కుటుంబాలు ఇప్పుడు ఎక్కువగా కీరత్‌పూర్‌లో అస్థికలు కలుపుతాయి కాబట్టి ఈమధ్య తరాలు ఉండకపోవచ్చు, పాతతరాలు దొరికే అవకాశమే ఎక్కువ. వెళ్లలేనివాళ్లు ఫ్యామిలీసెర్చ్ అనే ఉచిత సైట్‌లో అకౌంట్ తెరిచి, అక్కడ మైక్రోఫిల్మ్ చేసిన హరిద్వార్ పుస్తకాలు ఉన్నంతవరకు తిరగేయొచ్చు. దక్షిణ ఎంత అనేది ముందే మాట్లాడుకోండి, అంతకంటే చెప్పను.

ఇక కథలు. 1881 జనాభా లెక్కల రిపోర్టులో డెంజిల్ ఇబ్బెట్సన్ అనే అధికారి సంధులు తమ గురించి ఏం చెప్పుకున్నారో రాసిపెట్టాడు. అయోధ్య రాముడి వంశం, సూర్యవంశ రాజపుత్రులమని ఒక మాట. మహమూద్‌తో ఘజ్నీ వెళ్లి తిరిగొచ్చామని ఒక మాట. కొందరేమో ఆ ఘజ్నీ అఫ్గానిస్తాన్‌లోది కాదు, దక్కన్‌లోది అన్నారట! ఇంకొందరు బికనీర్ అన్నారు. మన దక్కన్‌లో ఆ ఘజ్నీ ఎక్కడో వెతుక్కుంటూ బయల్దేరకండి. ఒకే రిపోర్టులో నాలుగు దిక్కులు కనిపిస్తున్నాయంటే ఇది చరిత్ర కాదు, గౌరవం కోసం చెప్పుకునే మాట అని నా లెక్క. ఇలాంటి రాజపుత్ర మూలాల కథ చాలా జాట్ గోత్‌లకి ఉంది. అదే రిపోర్టులో పనికొచ్చే ముక్క వేరే ఉంది: కర్నాల్ సింధులు తమ మూలపురుషుణ్ని కాలా మెహర్, కాలా పీర్ అనే పేర్లతో కొలుస్తారనీ, ఆయన ముఖ్యస్థానం సియాల్‌కోట్ వైపు ఉందనీ. పంజాబ్‌లో గోత్ మూలపురుషుల గుడిని జఠేరా అంటారు. మీ కుటుంబం ఏ జఠేరాకి వెళ్తుందో అడగండి, అక్కడికి వచ్చే మిగతా కుటుంబాలే మీ దూరపు దాయాదులు కావచ్చు.

హైదరాబాద్ సిక్కుల కుటుంబాలకి మధ్యలో ఇంకో మజిలీ ఉంటుంది. 1832లో నిజాం ప్రభుత్వం కోసం మహారాజా రంజిత్ సింగ్ పంపిన సైన్యంతో వచ్చినవాళ్ల సంతతి అత్తాపూర్ వైపు సిక్ ఛావనీలో ఇప్పటికీ ఉంది. వాళ్లు అక్కడి గురుద్వారా పెద్దల దగ్గర మొదలుపెట్టాలి, పంజాబ్ తర్వాత.

ఇప్పుడు డీఎన్ఏ. గోత్ తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది, వై క్రోమోజోమ్ కూడా అంతే, కాబట్టి ఇంటిపేరు కోసం చేయించాల్సింది వై టెస్టు. మీ కోడలు శాంపిల్ పంపితే ఉపయోగం లేదు, ఆమెలో వై ఉండదు. వాళ్ల నాన్నో, తమ్ముడో, బాబాయో ఇవ్వాలి. ఫ్యామిలీట్రీడీఎన్ఏ అనే కంపెనీలో వై-37 అనే చిన్న టెస్టుతో మొదలుపెట్టి, వేరే ఊరి సంధు ఎవరైనా దగ్గరగా కలిస్తే అప్పుడు ఇద్దరూ బిగ్ వై-700 అనే లోతైన టెస్టుకి వెళ్లండి, ఉమ్మడి తాత ఎన్ని తరాల వెనక అన్నది దాంట్లోనే కాస్త నమ్మకంగా తేలుతుంది.

రిపోర్టులో మీ హాప్లోగ్రూపు, అంటే తండ్రి వైపు వంశం ఏ పెద్ద కొమ్మదో చెప్పే పేరు, ఆర్1ఎ అని వస్తే "మేం శకులం, సిథియన్లం" (మధ్య ఆసియా పాతకాలపు సంచార జాతులు) అని గ్రూపులో పోస్టు పెట్టేసేవాళ్లు ఉంటారు. ఆగండి. ఆర్1ఎలో జెడ్93 కొమ్మ వేల ఏళ్ల నాటిది, దేశమంతా ఉంది. 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో మన నల్లమల చెంచుల్లో సుమారు నాలుగో వంతు మందికి ఆర్1ఎ కనిపించింది. ఎల్ వచ్చినా అంతే, కొమ్మ చూడాలి: ఎం357 వాయవ్యంలో ఎక్కువ, ఎం27 దక్షిణాదిలో ఎక్కువ. 2017 అధ్యయనం ఒకటి భారత్, పాకిస్తాన్ జాట్ల 302 నమూనాలు చూసి, కనీసం తొమ్మిది వేర్వేరు మూలాలు ఉన్నాయని తేల్చింది. ఒకే గోత్‌లో కూడా ఇల్లరికాలు, దత్తతలు, కలిసి ఊరు కట్టినవాళ్లు అదే పేరు తీసుకోవడం, ఇవన్నీ జరిగాయి. కాబట్టి 'సంధు జీన్' అంటూ ఏదీ ఉండదు, మీ పత్తీ సంధులది ఒక కొమ్మ, పక్క ఊరి సంధులది ఇంకో కొమ్మ కావచ్చు.

శాతాలు చెప్పే మామూలు టెస్టులు ఇంటిపేరు గురించి ఏమీ చెప్పవు. పది తరాలు వెనక్కి వెళ్తే 1,024 మంది పూర్వీకులు, సంధు అనే పేరు అందులో ఒకే ఒక్క గీత మీద వచ్చింది. 2018లో వచ్చిన పరిశోధనలో రోర్ (హర్యానా వైపు ఒక కులం), జాట్ జనాల్లో స్టెప్పీ వాటా, అంటే మధ్య ఆసియా గడ్డి మైదానాల నుంచి వచ్చిన పూర్వీకుల వాటా, దేశంలోకెల్లా ఎక్కువగా కనిపించింది, నిజమే, కానీ అది ఆ ప్రాంతపు లక్షణం, పక్కింటి గిల్‌కీ దాదాపు అలాగే వస్తుంది. భారతీయుల పూర్వీకత మిశ్రమమని చెప్పిన 2009 నాటి పెద్ద అధ్యయనంలో మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఉన్నారు. ఉత్తరాదైనా దక్షిణాదైనా మిశ్రమం కానివాళ్లు ఎవరూ లేరన్నదే దాని సారం. పైగా కులంలోనే పెళ్లిళ్ల వల్ల దూరపువాళ్లకీ డీఎన్ఏ ఎక్కువగా కలుస్తుంది కాబట్టి "నాలుగో తరం కజిన్" అని యాప్ చూపిస్తే అంత దగ్గర అనుకోవద్దు. పేరుకి బదులు వాళ్ల జద్దీ పిండ్ అడగండి, మీ షజ్రాతో కలుస్తుందో లేదో చూడండి.

శాంపిల్ ఇచ్చే పెద్దాయనకి ముందే విషయం చెప్పండి, అనుకోని తండ్రి తేలిన సందర్భాలు ఉన్నాయి, ఇష్టం లేకపోతే బలవంతం వద్దు. 2023లో 23అండ్‌మీ అనే డీఎన్ఏ టెస్టు కంపెనీ నుంచి లక్షలమంది వివరాలు బయటపడ్డాయి, అందుకని వేరే ఎక్కడా వాడని పాస్‌వర్డ్, రెండంచెల లాగిన్ పెట్టండి. అకౌంట్ ఆయన ఈమెయిల్‌తో తెరిచి, ఆయన పిల్లల్లో ఒకరిని వారసుడిగా నమోదు చేయించండి, లేదంటే ఆయన తర్వాత ఆ అకౌంట్‌లోకి వెళ్లేవాళ్లే ఉండరు.